‘నేసినవారు’ అన్న చోట

మా మేనత్తను ఒక మనిషి గురించి అడిగితే ఆ ఒక్క మనిషితో ఆగదు. “వాళ్లింట్లో పెళ్లట కదా అత్తా” అంటే చాలు, పెళ్లికూతురి తల్లి ఎవరో, ఆ తల్లికి అన్నదమ్ములు ఎందరో, వాళ్లలో చిన్నాయన కేసముద్రం మార్కెట్‌లో ఏ కాంటా దగ్గర కూర్చుంటాడో, ఆయన వియ్యపురాలు మనకు ఏ వరుస అవుతుందో అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి. నేను అడిగింది పెళ్లి ఏ రోజు అని. అది మాత్రం ఇంకోసారి అడిగితేనే వస్తుంది.

ఒకసారి మేడారం జాతరకు అందరం కలిసి పోయాం. అంత జనంలో, నెత్తి మీద బెల్లం మూటతో పోతున్న ఒక పరాయి ఆమెను ఆపి “ఎవరోల్లమ్మా మీరు?” అని అడిగింది. రెండో మాటకు ఊరు, నాలుగో మాటకు ఇంటిపేరు తెలిశాయి. మేం మొక్కు చెల్లించి తిరిగొచ్చేసరికి ఇద్దరూ ఒకే దుప్పటి మీద కూర్చుని ఒకరి ముంజేయి ఒకరు పట్టుకుని ఉన్నారు. “మా చిన్నమ్మ ఆడిబిడ్డకు తోటికోడలు అల్లుడా, కాళ్లు మొక్కు” అంది అత్త. మొక్కాను. ఆమె ఎవరో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు, కానీ దీవించింది.

నేను హన్మకొండలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో పని చేస్తాను. కంప్యూటర్‌లో వివరాలు దాచే పద్ధతులు చాలా ఉన్నాయి. నేను వాడేదాంట్లో ప్రతి వస్తువుకూ ప్రతి మనిషికీ ఒక్కో కాగితం ఉంటుందని అనుకోండి. ఒక కాగితం మీద ఉన్న సంగతిని ఇంకో కాగితం మీద మళ్లీ రాయం, దాని నంబరు వేసి వదిలేస్తాం. చదివేటప్పుడు ఆ నంబరు పట్టుకుని రెండో కాగితాన్ని వెతికి తెచ్చుకోవాలి. ఆ వెతుకులాట లేకుండా చేసుకునే సదుపాయం కూడా ఉంది. ఒక్క మాట రాసిపెడితే, మొదటి కాగితం తీసినప్పుడల్లా దానికి చుట్టమైన రెండోది కూడా దానంతట అదే వచ్చి పక్కన కూర్చుంటుంది. దీన్ని మొదటిసారి వాడినప్పుడు నాకు మా అత్త గుర్తొచ్చి నవ్వొచ్చింది.

నవ్వుకుని ఊరుకోలేదు. ఉత్సాహం కొద్దీ ఒకసారి కనిపించిన ప్రతి కాగితానికీ ఆ మాట రాసిపెట్టాను. వస్తువుతో మనిషి వచ్చాడు, మనిషితో అతని ఇల్లు, ఇంటితో అందులోని వస్తువులన్నీ, ఒక్కో వస్తువుతో మళ్లీ అదే మనిషి. ఫోను వేడెక్కింది గానీ పేజీ తెరుచుకోలేదు. “అచ్చం మా అత్తనే” అని ఆఫీసులో ఆమె మాట్లాడే తీరును అనుకరించి అందరినీ నవ్వించాను. ఆ తర్వాత కూడా చాలాసార్లు నవ్వించాను. నాకు కూడు పెట్టిన మనిషిని చాయ్ దగ్గర నవ్వులాట చేసుకున్నాను.

అప్పట్లో నాకు తట్టని తేడా ఒకటుంది. మా అత్త ఎంత దూరం పోయినా తప్పు మనిషిని తీసుకురాదు. కంప్యూటర్‌కు వరుసలు తెలియవు. నేను ఎవరిని చూపిస్తే వాళ్లను తెస్తుంది. తప్పు మనిషిని చూపిస్తే ఆ తప్పు మనిషినే, అంతే వేగంగా, అంతే ధీమాగా తెచ్చి నిలబెడుతుంది. నేను చూపించిన తప్పు మనిషి మా మామ. తెలియక చూపించలేదు.

ఎంసీఏ చదివిన మూడేళ్లు కొత్తవాడలో మా అత్తావాళ్లింట్లోనే ఉన్నాను. ముందు గదిలో షత్రంజీలు, అంటే నేల మీద పరిచే నూలు జంపఖానాలు, నేసే మగ్గం, దాని పక్కనే నా చాప. వెడల్పాటి షత్రంజీకి ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. పడుగు దారాల మధ్య రంగు నూలు పోసి, ఇనుప గోళ్లున్న పంజాతో కొట్టి కొట్టి బిగించాలి. నేను చేరిన కొత్తలో మామ, అత్త ఇద్దరూ కూర్చునేవాళ్లు. నూలు దుమ్ముకు మామకు దమ్ము, ఆయాసం మొదలైంది. నా రెండో ఏడు వచ్చేసరికి ఆయన గడప బయట కుర్చీలోకి మారాడు. అక్కడ నూలు కండెలు చుడుతూ లోపలి చప్పుడు వినేవాడు.

“ఎడమ దిక్కు జర గట్టిగ కొట్టు. వదులైతాంది” అనేవాడు బయటి నుంచి.

“నువ్వు ఆడ కూసొని ఈడ నేస్తాన్నవా?” అనేది అత్త.

“చెవులతోని నేస్తాన.”

“అయితే చెవులకు పంజా కట్టుకో.”

వీళ్ల మాటలకు నవ్వుకుంటూ నేను పుస్తకం ముందు పెట్టుకుని కూర్చునేవాణ్ని. అంటే ఆ మగ్గం మీద ఎవరు నేస్తున్నారో నాకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మూడేళ్లు ఆ పంజా చప్పుడులో చదివాను. మామ పోయాక కూడా అత్త నేత మానలేదు. పక్కింటామెను తోడు కూర్చోబెట్టుకుని వెడల్పువి, ఒక్కతే కూర్చుని చిన్నవి నేసింది. నేతగాళ్ల సొసైటీలో మెంబర్‌షిప్ మాత్రం మామ పేరు మీదే ఉండిపోయింది. మగ్గానికి నంబరు ఉంది, సరుకు పోతోంది, ఎవరూ దాన్ని మార్చాలనుకోలేదు.

ఆ సొసైటీ పనే ఒక రోజు మా ఆఫీసుకు వచ్చింది. మేనేజరు పెద్దమనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు రంగుల పెన్నులుంటాయి. ఆయన కోరింది చిన్న పని. ప్రతి షత్రంజీ మూలకు ఒక గుడ్డ ట్యాగు కుట్టాలి. దాని మీద క్యూఆర్ కోడ్. కొన్నవాళ్లు ఫోను చూపిస్తే ఆ షత్రంజీ వివరాలు తెరుచుకోవాలి, ముఖ్యంగా నేసింది ఎవరో కనిపించాలి.

“మిషన్ సరుకు గాదు తమ్మీ, దీని యెన్క మనిషున్నడని తెల్వాలె” అన్నాడు.

“ఒక్కో ఇంట్ల ఇద్దరు ముగ్గురు నేస్తరు గదా సార్?” అన్నాను.

“మెంబర్ల లిస్టయితే ఇప్పుడే ఇస్త. ఎవలు నేస్తాన్నరో రాయాల్నంటే ఇల్లిల్లు తిరగాలె. నీకు తీరితే తిరుగు.”

నాకు తీరేది. ఆదివారాలు ఖాళీగానే ఉన్నాను. కొత్తవాడ నా ఇంటి నుంచి బండి మీద ఎంతో దూరం లేదు, ఆ సందులన్నీ తెలిసినవే. అయినా తిరగలేదు. మెంబర్ల లిస్టు మొత్తాన్ని ఒక పూటలో ఎక్కించాను. ప్రతి షత్రంజీ కాగితం మీద మగ్గం నంబరు వేశాను, మగ్గం నుంచి మెంబరుకు దారి చూపించాను, పేరు దానంతట అదే వచ్చేలా చేశాను. తెర మీద ఆ పేరుకు ముందు ఏం రాయాలో ఒక నిమిషం ఆలోచించాను. ‘మెంబరు’ అని రాస్తే నిజమయ్యేది. మేనేజరు కోరింది అది కాదు కదా అని ‘నేసినవారు’ అని రాశాను.

లిస్టు ఎక్కిస్తుంటే మామ పేరు కనిపించింది. పోయి నాలుగేళ్లు దాటిన మనిషి. ఒక క్షణం వేలు ఆగింది. తర్వాత చూద్దాంలే అనుకుని కిందికి పోయాను.

ఆ రోజుల్లోనే అత్తకు కుడి భుజం లేవకుండా అయింది. ఎముకల డాక్టరు ఫిల్ము చూసి ఇక మగ్గం ఎక్కొద్దన్నాడు. “ఎక్కినదాన్ని దించేదాక ఎక్కుత సారూ, తర్వాత మీ ఇష్టం” అందట ఆయనతో. అప్పటికి మగ్గం మీద ఒక షత్రంజీ సగం అయి ఉంది. ఇటుక ఎరుపు మీద నీలం మెట్లు, అంచుకు ఆవపువ్వు పసుపు గీత. రోజుకు జానెడు కూడా సాగేది కాదు. మధ్యమధ్య నేను పోయి చూసేవాణ్ని. భుజానికి వేడి కాపడం పెట్టుకుని కూర్చునేది, మళ్లీ పంజా అందుకునేది.

ఒక రోజు చాయ్ ఇస్తూ అడిగింది. “అల్లుడా, నువ్వేదో చీటీలు కుట్టిస్తాన్నవట. ఎవరు నేసిండ్రో ఫోన్ల కనవడ్తదట.”

“ఔ అత్తా.”

“దీనికి గూడ కుడ్తరా?”

“అన్నిటికీ కుడ్తరు.”

అంచు దగ్గర వేలాడుతున్న దారాన్ని వేలికి చుట్టింది. “మరి నా పేరు వస్తదా? ఇన్నేండ్లాయె, ఎన్ని నేసిన్నో లెక్క లేదు. ఏ ఒక్కదాని మీద లేదు. ఇది ఆఖరుది గదా, అందుకని అడుగుతాన. రాకపోతే ఫికర్ లేదు.”

“దానంతట అదే వస్తది” అన్నాను.

ఆ మాట అన్నప్పుడు మారుద్దామనే ఉంది. మార్చడం పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు నాకు దొరకలేదని చెప్పను. దొరికాయి, వేరే వాటికి వాడుకున్నాను.

షత్రంజీ దిగింది. ట్యాగులు కుట్టే రోజు అత్త తనే దాన్ని ఆటోలో వేయించుకుని సొసైటీకి వచ్చింది. పండగలకు కట్టే ఆకుపచ్చ చీర కట్టుకుంది. ట్యాగును చేతిలోకి తీసుకుని ఆ నల్ల గళ్ల ముద్రను దగ్గరికి, దూరానికి పెట్టి చూసింది.

“ఈ డిజైన్ ఎవడు గీసిండు? ఒక వరుస లేదు, బోర్డరు లేదు. నేసినోనికి పిచ్చెక్కుతది” అంది. మేనేజరు పకపకా నవ్వాడు.

“నేసుడు గాదమ్మా, ఫోను చదువుతది దాన్ని” అన్నాడు. “తమ్మీ, మీ అత్తదే మొదలు చూపియ్యి.”

నేను ఫోను పెట్టాను. తెర తెరుచుకుంది. షత్రంజీ కొలతలు, రంగులు, మగ్గం నంబరు. ‘నేసినవారు’ అన్న చోట మామ పేరు, ఇంటిపేరుతో సహా వచ్చింది. మేనేజరు అద్దాలు వెతుక్కుంటున్నాడు. అత్త నా పక్కకు వచ్చి తెర మీదికి వంగింది.

“ఇదేనా నా పేరు?”

అత్తకు చదువు రాదు. ఆ సంగతి నా మనసులో మెదిలింది. మెదిలాకే అన్నాను. “ఇదే అత్తా.”

చాలాసేపు చూసింది. చూపుడు వేలిని తెరకు తాకీ తాకకుండా ఆ పేరు వెంట నడిపించింది. తెర ఆరిపోబోతుంటే నేను మళ్లీ వెలిగించాను. “మంచిగుంది అల్లుడా” అంది. కొంగుతో వేలు తుడుచుకుంది. నాకోసం తెచ్చిన సకినాల డబ్బా చేతిలో పెట్టి ఆటో ఎక్కింది. ఆ సకినాలు నేను తిన్నాను. అన్నీ తిన్నాను.

తర్వాత మార్చి ఉంటే ఆ అబద్ధం నిజమైపోయేదే. ఆఫీసులో ఇంకో పని పడింది. ఒక అబద్ధాన్ని సరిచేయాలంటే ముందు దాని దగ్గరికి పోయి కూర్చోవాలి. నేను ఆ దరిదాపులకు పోలేదు. అత్త ఇంటికి పోవడం కూడా తగ్గించాను. ఫోను చేస్తే “పనిలున్న అత్తా” అన్నాను.

షత్రంజీ హైదరాబాద్‌లో చేనేత మేళాకు పోయింది, అమ్ముడుపోయింది. కొన్ని రోజులకు మేనేజరు నాకు ఫోను చేశాడు. చాలా సంతోషంగా ఉన్నాడు.

“తమ్మీ, నీ చీటీ పనిజేసింది! మీ అత్తది కొన్న మేడం సొసైటీకి ఫోన్ జేసింది. గిసొంటి పనితనం చూడలేదన్నది. నేసినాయనతోని మాట్లాడాలె అన్నది, మీ మామ పేరు పెట్టి. మెంబరు పేరు చూసి అనుకున్నదేమో. నేనేం జెప్పాలె? ఆయన లేడమ్మా అన్న. పాపం, శానా బాధపడ్డది. గదే టైముకు మీ అత్త ఈడికే వచ్చి కూసున్నది, ఫోను ఆమెకే ఇచ్చిన.”

“అత్త ఏమన్నది?” అన్నాను.

“స్పీకర్ల పెట్టిన, నేను గూడ విన్న. మీ వారు ఎంత బాగా నేశారండీ అన్నది ఆ మేడం. మీ అత్త, ఔ బిడ్డా, మంచిగ నేసేటోడు, చెవులతోని గూడ నేసేటోడు అన్నది. గదేం మాటనో ఏమో, నవ్వింది.”

ఫోను పెట్టేశాక నా కుర్చీలో చాలాసేపు కూర్చున్నాను. ఆమె “అది నేను నేసిన్నమ్మా” అని ఉండొచ్చు. అంటే మేనేజరు ముందు నా అబద్ధం బయటపడేది. ఆమె ఆఖరు షత్రంజీకి మెచ్చుకోలు వచ్చిన ఒక్క నిమిషాన్ని నాకోసం వదిలేసింది. అక్కడ కూర్చుని అది అర్థం చేసుకోవడానికి నాకు పెద్ద తెలివి అవసరం కాలేదు.

ఆదివారం పొద్దున వాళ్లింటికి పోయాను. అత్త గడప దగ్గర మామ కుర్చీలో కూర్చుని ఎడమ చేత్తో చాటలో పెసలు ఏరుతోంది. లోపల మగ్గం ఖాళీగా ఉంది. నేను మెట్టు మీద కూర్చున్నాను. రెండు మూడు మాటలు వేరేవి మాట్లాడదామనుకున్నాను. మాట్లాడితే అవే మాట్లాడి లేచిపోతానని నాకు తెలుసు.

“అత్తా, ఆ రోజు ఫోన్ల చూపిచ్చింది నీ పేరు కాదు.”

ఆమె తల ఎత్తలేదు. “ఎర్కే” అంది. ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

“ఎవరు చెప్పిండ్రు?”

“ఎవరో చెప్పుడేంది? మీ మామ పేరు నేను గుర్తువట్టనా?”

అత్తే చెప్పింది. చాలా ఏళ్ల కింద సొసైటీ వాళ్లు ప్రతి మెంబరూ అంచులో తన పేరు వచ్చేలా ఒక షత్రంజీ నేయాలన్నారట, ఆఫీసు గోడకు వేలాడదీయడానికి. అంచులో అక్షరాలు తేల్చే సన్న పని అత్త చేతికే వచ్చు. గళ్ల కాగితం మీద తన పేరును గళ్లుగా నింపి ఇచ్చాడు. నేసింది అత్త.

“భర్త పేరు నోటితోని అనకూడదని మా అమ్మ చెప్పింది. నేను అనలే, ఇయ్యాల్టి దాక అనలే. గనీ చేతులతోని నేసిన గదా. మొదటి అక్షరం కింద ఒక మలుపుంటది, దానికాడ మూడుసార్లు దారం తెంపి మళ్ల ఏసిన. ‘నా పేరును గిన్నిసార్లు తెంపుతాన్నవేందే’ అని మీ మామ ఒకటే నవ్వుడు. గది మర్చిపోతనా?”

“మరి మంచిగుందని ఎందుకన్నవు అత్తా?”

అప్పుడు తల ఎత్తింది. “ఏం, మీ మామ పేరు మంచిగ లేదా?”

నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె కూడా నవ్వు ఆపి చాటను ఒడిలోంచి దించింది.

“గంతమంది ముంగట నిన్ను అబద్ధాలోన్ని చెయ్యాల్నా? ఆ మేనేజరు నీకు ఎంత ఇజ్జతిస్తడు. నువ్వే వచ్చి చెప్తవనుకున్న అల్లుడా. ఒక్క వారమైతదేమో అనుకున్న. గిన్ని దినాలైతదనుకోలే.”

“తప్పయింది అత్తా.”

“అయింది” అంది. ఫర్వాలేదు అనలేదు. అననందుకు ఇప్పటికీ ఆమెకు రుణపడి ఉన్నాను.

నేను ఫోను తీసి అక్కడికక్కడే మార్చబోయాను. చేయి అడ్డం పెట్టింది. “నా ఒక్కదానిదే మారుస్తవా? ఈ పక్కింటామె ఏమైంది? మొగడు ఆటో తోలవట్టి ఎన్నేండ్లాయె. మగ్గం మీద కూసునేది ఆమె, ఫోన్ల మొగడు. ఆ మూలింట్ల అత్తా కోడండ్లు ఇద్దరు నేస్తరు, ఫోన్ల కొడుకు. ముందు అందరియి మార్చు. నాది ఆఖరుకు పెట్టు.”

మేనేజరు వద్దనలేదు. “మొదలే తిరిగితే అయిపోవు గదా తమ్మీ” అని మాత్రం అన్నాడు. నిజమే.

అలా నేను ఎగ్గొట్టిన ఆదివారాలు మళ్లీ నా దగ్గరికే వచ్చాయి. అత్త కూడా నాతో వచ్చింది. రావద్దంటే, “నువ్వు అడిగితే ఎవరు నిజం చెప్తరు?” అంది. అది మొదటి ఇంట్లోనే తెలిసింది. “ఈ మగ్గం మీద ఎవరు నేస్తరమ్మా?” అని నేను అడగ్గానే ఆ ఇల్లాలు పంజా కింద పెట్టి, చీరకు అంటిన నూలు దులుపుకుంటూ, “ఆయన పేరే రాసుకోండ్రి సార్” అంది.

“ఏం పిల్లా, ఆయన పంజా పట్టంగ నువ్వు కలల గిట్ల చూసినవా?” అంది అత్త.

మంచం మీదున్న భర్త లేచి కూర్చున్నాడు. “గట్ల ఇజ్జత్ తీయకు అత్తమ్మా. నేను కండెలు చుడ్తలేనా?”

“కండెలకు వేరే చీటీ కుట్టినప్పుడు నీ పేరు రాయిస్త తియ్యి.”

ఆ ఇల్లాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే మెల్లగా తన పేరు చెప్పింది. పెద్దగా అలవాటు లేని మాట పలికినట్టు, ఒక్కో అక్షరం ఆగి ఆగి చెప్పింది. నేను రాసుకున్నాను.

ప్రతి ఇంట్లోనూ ఇదే. నేను ఒక మనిషిని అడిగితే అత్త ఆ ఇల్లంతా చెప్పేది. ఎవరి తర్వాత ఎవరు ఆ మగ్గం ఎక్కారు, ఎవరికి ఎర్ర రంగు పని బాగా వచ్చు, ఎవరు పుట్టింటి నుంచి ఈ పని నేర్చుకుని వచ్చారు. ఒకప్పుడు నేను ఆఫీసులో అనుకరించిన మాటలే ఇవి. ఇప్పుడు ఆమె వెనక నోటుబుక్కుతో నడుస్తూ ఒక్క మాట కూడా పోకుండా రాసుకున్నాను. ఆఫీసులో వాళ్లను నవ్వించిన సంగతి ఒక సందు మలుపులో ఆమెకు చెప్పాను. “నా లెక్క మాట్లాడుడు నీకొస్తదా? ఏదీ, జర అను” అంది. నాకు చేతకాలేదు.

కంప్యూటర్‌లో కాగితాలన్నీ మళ్లీ అమర్చాను. మగ్గం వేరు, మెంబరు వేరు, నేసినవారు వేరు. ఒక షత్రంజీకి ఇద్దరు ముగ్గురు నేసినవారు ఉండొచ్చు. ఒక్కొక్కరినీ వాళ్ల పేరుతోనే చూపించాను. ఇప్పుడు కూడా అన్నీ వాటంతట అవే వస్తాయి. కాకపోతే అలా రావడానికి వెనక ఎవరో ఒకరు కాళ్లరిగేలా తిరగాలని నాకు తెలిసింది.

చివరికి అత్త వంతు వచ్చింది. మధ్యాహ్నం భోజనం అయ్యాక గడప దగ్గర కూర్చున్నాం.

“మగ్గం మీ మామదే. అది తీసెయ్యకు” అంది.

“తీయలే. మగ్గం కాడ మామ పేరుంటది. నేసినవారు కాడ నీ పేరు.”

“అది హైదరాబాదుల ఎవరింట్లనో ఉన్నది గదా. ఈడ మారిస్తే ఆడ మారుతదా?”

“మారుతది అత్తా. చీటీ మీద పేరు లేదు, నంబరే ఉంది. వాళ్లు ఎప్పుడు ఫోన్ పెట్టినా పేరు ఈడి నుంచే పోతది.”

“ఒట్టు?”

“ఒట్టు.”

నా మొహంలోకి చూసింది. తర్వాత లోపలికి పోయి మామ వాడిన గళ్ల కాగితాల కట్ట తెచ్చి ముందు పెట్టింది. “నీ మాట కాదు. నా పేరు దీని మీద నింపియ్యి. నేను చూసుకుంట.”

పెన్సిలుతో ఒక్కో గడి నింపి ఆమె పేరు వేశాను. పాత మెంబరు పుస్తకాల్లో భార్య అన్న చోట అరకొరగా రాసిన పేరు కాదు, మా నాన్న తన చెల్లెలిని పిలిచే పేరు, నిండుగా. ఒక్కో అక్షరం దగ్గరా ఆగి ఇది ఏమిటని అడిగింది. చెప్పాను. చివర్లో కింద వేసిన చిన్న మెలిక చూపించి, “ఇదేంది, దారం పోగు జారినట్టున్నది?” అంది.

“అది ఒత్తు అత్తా. అది లేకుంటే అమ్మ అనేది అమ్మ కాదు.”

తర్వాత ఫోను తెరిచి ఆమె షత్రంజీ నంబరు నొక్కాను. ఇటుక ఎరుపు, నీలం, పసుపు అంచు. మగ్గం: మామ పేరు. దాని మీద ఒకసారి వేలు పెట్టి తీసింది. నేసినవారు: ఆమె పేరు. తొందరపెట్టలేదు. కాగితాన్ని ఫోను పక్కన పెట్టి, తెర మీది గుండ్రటి అక్షరాలను కాగితం మీది మెట్ల మెట్ల అక్షరాలతో పోల్చుకుంటూ, పడుగు దారాలు లెక్కబెట్టినట్టు పెదవులు కదుపుతూ పోయింది. మొదటి అక్షరం సరే. రెండోది సరే. నేను గోడకు చేరగిలబడ్డాను.

చివరి అక్షరం దగ్గర వేలు ఆగింది. కాగితం చూసింది, తెర చూసింది, మళ్లీ కాగితం చూసింది.

“ఒట్టన్నవు గదా అల్లుడా. ఒత్తేది?”

వంగి చూశాను. లేదు. మనిషి కాగితం కొత్తగా తయారుచేసినప్పుడు తొందరలో పాత పుస్తకంలో ఉన్నట్టే ఎక్కించేశాను. ఇన్ని ఆదివారాలు తిరిగి, అందరి పేర్లూ రెండుసార్లు చదివించుకుని, ఒక్క ఆమె పేరు నాకు తెలుసు కదా అని సరిచూడలేదు.

“జరుగు, ఎండ పడ్తాంది ఫోన్ మీద” అని కొంగు అడ్డం పట్టింది అత్త. ఆ నీడలో ఆమె పేరు మళ్లీ మొదటి నుంచి కొట్టాను. ఒత్తు పెట్టాను. పేజీ తిరిగి తెరిచి ఫోను ఆమె చేతికే ఇచ్చాను. ఆమె కాగితాన్ని మోకాలి మీద సర్దుకుని మళ్లీ మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టింది.